పదహారు బార్లు

మా వృత్తిలో వాడే మాటలన్నీ బయట ఇంకో అర్థంలో చలామణి అవుతుంటాయి. నోట్ల బీరువా అంటే జనానికి డబ్బు గుర్తొస్తుంది. స్కోరు అంటే క్రికెట్టు. ఇక బార్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మొన్నామధ్య కర్నూలులో నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ మెట్ల మీద ఉల్లిగడ్డలు ఆరబోస్తూ నా ఫోను మాటలు విన్నది. "ఇరవై రెండు పార్టులూ చూసినాను, ఆ పదహారు బార్లు మాత్రం యాడా దొరకలేదు" అంటున్నాను నేను. సాయంత్రానికి వాళ్ళాయన్ని పంపింది. ఆయన తలుపు దగ్గరే నిలబడి, చెప్పులు విప్పాలా వద్దా అని తంటాలు పడుతూ, "సార్, మీరు పెద్దోళ్ళు. ఈ వయసులో పదహారు బార్లు తిరిగేదేంది సార్? ఒకటి చాలదా?" అన్నాడు.

నవ్వొచ్చింది. ఆయన పోయాక చాలాసేపు నవ్వుకున్నాను. ఆ నవ్వు చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేదు. మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

నేను ముప్పై నాలుగేళ్ళు పోలీసు పటాలం బ్యాండులో పనిచేశాను. మొదట రెండో కార్నెట్, అంటే పొట్టి బాకా, వాయించాను, తర్వాత పాటల కాగితాలు దాచే నోట్ల బీరువా తాళాలు చూశాను, చివరి తొమ్మిదేళ్ళు బ్యాండ్ మాస్టరుగా ఉన్నాను. పేరు యేసోబు. ఈ మధ్య బ్యాండు ఉద్యోగాలకు ఎంపికైన పిల్లలు ఫోన్లు చేసి, ఏం నేర్చుకుని రావాలి సార్ అని అడుగుతున్నారు. ప్రమోషన్ల గురించీ, డ్రెస్సు అలవెన్సుల గురించీ చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. నేను ఒక్క పాట గురించీ, దానికి నేను చేసిన పాడు పని గురించీ రాస్తాను. మీకు పనికొచ్చేది ఉంటే అందులోనే ఉంటుంది.

పార్టు వేరు, స్కోరు వేరు

బ్యాండులో కూర్చున్న ఒక్కొక్కడి ముందు ఒక్కో కాగితం ఉంటుంది. దాన్ని పార్టు అంటాం. క్లారినెట్ వాడి పార్టులో క్లారినెట్ వాయించేదే ఉంటుంది, పెద్ద డ్రమ్ము వాడి పార్టులో పెద్ద డ్రమ్ము దెబ్బలే ఉంటాయి. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో అందులో రాసి ఉండదు. పల్లకీ మోసేవాడికి తన భుజం నొప్పే తెలిసినట్టు, మాకు మా వరుసే తెలుస్తుంది. ఆ వరుసను నిలువు గీతలతో గళ్ళుగా విడగొడతారు. ఆ గడినే బార్ అంటాం. అందరి వరుసలూ ఒకదాని కింద ఒకటి పేర్చి, ఎవడు ఎప్పుడు ఎత్తుకోవాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఒకేచోట చూపించేది స్కోరు. అది మాస్టరు ముందు ఉంటుంది.

మా బీరువాలో తెల్లదొరల కాలం నాటి పాటలు నూటా ముప్పై దాకా ఉండేవి. అట్ట కవర్లలో పార్టులు ఉండేవి, కవరు మీద నంబరు ఉండేది. పాటల పేర్లన్నీ ఇంగ్లీషులో మూరెడు పొడవుండేవి కాబట్టి మేమెవరమూ పేరుతో పిలిచింది లేదు. "పదకొండు తీయండి", "ఎనభైమూడు తీయండి" అనేవాడు మాస్టరు. నేను చెప్పబోయేది నలభయ్యేడు.

ఖాదర్ మాస్టరు

నేను చేరినప్పుడు బ్యాండ్ మాస్టరు ఖాదర్ సాహెబు. పొట్టి మనిషి, గొంతు మాత్రం మైదానం అవతలికి వినిపించేది. అందరినీ బేటా అనేవాడు, తనకంటే పెద్దవాళ్ళను కూడా. కోపమొస్తే చేతిలో ఉన్న ఎర్ర పెన్సిలు విసిరేవాడు, మళ్ళీ తనే పోయి ఏరుకునేవాడు.

మా నాయన బద్వేలు దగ్గర పల్లెలో కూలి పని చేస్తూ, ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేవాడు. నేను మిషను బళ్ళో బాకా పట్టినవాణ్ణి. సంగీతమంటే గట్టిగా ఊదడమే అనుకునేవాణ్ణి. మొదటి వారంలోనే మాస్టరు నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"బేటా, ఊదేటప్పుడు ఎవడైనా ఊత్తాడు. ఊరికే కూసున్న బార్లు ఎన్నో లెక్క పెట్టుకుంటాండావా?"

"లేదు సార్."

"మరి నీకెట్ల తెలుస్తాది యాడ ఎత్తుకోవాల్నో? పక్కోడు మోచేత్తో పొడవాల్నా?"

అప్పటి దాకా నిజంగానే పక్కవాడు పొడిచేవాడు. ఆ పక్కవాడే ఓబులేసు. సోలో కార్నెట్. అంటే బ్యాండు మొత్తం తగ్గినప్పుడు ఒక్కడే పాట ఎత్తుకునేవాడు. మాది ఒకే తాలూకా అని తెలిసినప్పటి నుంచి నన్ను తమ్ముడి కింద లెక్కేశాడు. నేను ఓబన్నా అని పిలిచేవాణ్ణి.

ఆదివారం సాయంత్రాలు పార్కులో కచేరీ ఉండేది. జనం శనక్కాయలు తింటూ, పిల్లల్ని అదిలిస్తూ, సగం చెవితో వినేవాళ్ళు. చివర్లో నలభయ్యేడు. నడుమ ఒకచోట ముప్పై మందిమీ మెల్లగా అయిపోతాం. కింద బేస్ వాద్యం 'బూం' అంటే, దాని మీద మేము రెండో కార్నెట్లు 'పం' అంటాం. అంతే మా పని. ఆ బూం-పం మీద ఓబులేసు లేచి నిలబడి, ముందు కాగితం కూడా లేకుండా, పదహారు బార్లు ఒక్కడే వాయించేవాడు. శనక్కాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయేది. అది నేను కళ్ళారా చూశాను. చెవులారా విన్నానా అంటే, ఏం చెప్పను? నా కళ్ళు మాస్టరు మీద, నా బుర్ర లెక్క మీద ఉండేవి. ఒక్క 'పం' తప్పితే పెన్సిలు వస్తుంది. రాగం పైకి పోయి, అక్కడ కాసేపు ఆగి, దిగుతుందని మాత్రం తెలుసు. నా పక్కనే, నా మోచేతికి తగిలేంత దగ్గర పుట్టిన పాట అది. నాకు రాదు.

నేను చేసిన శుభ్రం

ఐదో ఏడు నన్ను ఉత్తరాదికి శిక్షణకు పంపారు. అక్కడ మొదటిసారి పెద్ద స్కోరు చూశాను. బల్లంత పుస్తకం, పేజీకి ఇరవై వరుసలు. తిరిగొచ్చేసరికి నా తల కాస్త పెద్దదయింది. మా మాస్టరు ముందు మడత పెట్టిన ఒక్క కాగితం తప్ప ఏమీ ఉండేది కాదు. 'స్కోరు లేకుండా నడిపిస్తున్నాడు, పాతకాలం మనిషి' అనుకున్నాను. ఆ కాగితం ఏమిటో ఒక్కసారైనా తొంగి చూడలేదు.

వచ్చిన నెలకే బీరువా తాళాలు నాకిచ్చారు. చెదలు పట్టిన కవర్లు, ఒకే పార్టుకు నాలుగు ప్రతులు. రెండు రోజులు కూర్చుని శుభ్రం చేశాను. నలభయ్యేడు కవరులో ఒక కార్నెట్ కాగితం ఉంది. పైఅంచు మొత్తం చిరిగిపోయింది, నూనె మరకలు, ఎర్ర పెన్సిలు గీతలు. పక్కనే శుభ్రంగా ఉన్న ఫస్ట్ కార్నెట్ పార్టు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి నాలుగు వరుసలు ఒకటే. డూప్లికేటని చెప్పి చిరుగుల కుప్పలో వేశాను. ఆ కుప్ప టీ కాసే పొయ్యిలోకి పోయింది.

నాలుగు వరుసలు చూశాను. ఐదోది చూడలేదు. ముప్పై నాలుగేళ్ళలో నా పెద్ద తప్పు ఇదే. అప్పుడు మాత్రం బీరువా అద్దంలా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాతి ఆదివారం కచేరీకి ముందు మాస్టరు నలభయ్యేడు కవరు తెరిచాడు. కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. మూసి, "ఈ పొద్దు ఇది వద్దులే" అన్నాడు. తలనొప్పేమో అనుకున్నాను. ఆ నెలలోనే ఓబులేసు మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు. ముందు పళ్ళు నాలుగు ఊడిపోయాయి. పళ్ళు లేనివాడు కార్నెట్ ఊదలేడు. అతణ్ణి బ్యాండు నుంచి తీసి గార్డు డ్యూటీకి పంపేశారు.

కొత్తగా వచ్చిన సోలో కార్నెట్ వాడు నలభయ్యేడు పార్టు అడిగాడు. వెతికాను. ఫస్ట్ కార్నెట్ ఉంది, ఆ పదహారు బార్లలో దానికి ఉత్త విరామమే. సోలో కార్నెట్ పార్టు లేదు. ఓబులేసు కాగితం లేకుండా వాయించేవాడు కదా, ఇంట్లో పెట్టుకుని నేర్చుకుని ఉంటాడు, పోతూ పోతూ ఉంచేసుకున్నాడు అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా? రిజిస్టరులో రాశాను. "సోలో కార్నెట్ పార్టు: ఓబులేసు తీసుకుపోయినాడు." నా చేతిరాత బాగుంటుందని పేరు.

కొత్త ఆఫీసరు ఏదో వేడుకకు నలభయ్యేడు కావాలన్నాడు. లేదంటే ఎందుకు లేదన్నాడు. నేను రిజిస్టరు తీసుకుపోయి ఆ పేజీ చూపించాను. ఆయన చదివి, "ఆ ఓబులేసుకు మెమో ఇవ్వండి" అన్నాడు. అప్పుడు మాస్టరు ఒకడుగు ముందుకేశాడు.

"ఓబులేసు తీసుకోలా సార్. స్కోరు నా చేతుల్లోనే పొయ్యింది. నేనే పోగొట్టినా."

ఆఫీసరు నా ముందే ఆయన్ని తిట్టాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఉన్న మనిషిని, చిన్న పిల్లవాణ్ణి తిట్టినట్టు. మాస్టరు అటెన్షన్‌లో నిలబడే ఉన్నాడు. నాకు ఆ మాటల్లో ఒక్క మాటే చెవిన పడింది. స్కోరు. అంటే నలభయ్యేడుకు స్కోరు ఉండేదన్నమాట, ఈయన పారేసుకున్నాడన్నమాట!

ఆ రోజు నుంచి నాకది ఒక కథైపోయింది. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ "ఖాదర్ మాస్టరు పోగొట్టిన స్కోరు" అని చెప్పేవాణ్ణి. ఆయన రిటైరైన రోజు సభలో కూడా నవ్వులాటగా ఎత్తాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. రెండేళ్ళకు పోయాడు. జనాజాకు వెళ్ళాను, భుజం కూడా పట్టాను.

స్కోరు వేట

నాకు పట్టుదల ఎక్కువ. మొండితనమని మా ఆవిడ అనేది. ఎక్కడ డ్యూటీ పడినా ఆ ఊరి బ్యాండు బీరువా అడిగేవాణ్ణి, పాత పుస్తకాల అంగళ్ళు తిరిగేవాణ్ణి. ఒకసారి ఆదోనిలో పాత కాగితాలు కొనే అంగట్లో, "పాత స్కోరు ఏమన్నా ఉండాదా?" అని అడిగాను. ఆ పెద్దాయన తల కూడా ఎత్తకుండా, "పాతదెందుకప్పా, నూటా అరవై నాలుగుకు ఐదు వికెట్లు, ఇప్పుడే చెప్పినారు" అన్నాడు.

తర్వాత ఫోన్లలో ఇంటర్నెట్టు వచ్చింది. విదేశాల్లో పాత బ్యాండు పాటలు దాచే గ్రంథాలయాలు ఉన్నాయని తెలిసి, నా వచ్చీరాని ఇంగ్లీషులో ఉత్తరాలు పెట్టాను. ఒక చోటి నుంచి జవాబొచ్చింది. ఆ కాలంలో ఆ అచ్చువాళ్ళు ఇట్లాంటి పాటలకు పెద్ద స్కోరు అసలు వేయలేదు, మీరు వెతికేది లేదు అని రాశారు. నాకు కోపమొచ్చింది. లేకపోతే మా మాస్టరు దేన్ని పోగొట్టాడు? వాళ్ళకే తెలియదనుకున్నాను. నిజం చేతికొచ్చి నిలబడితే తోసేసినవాణ్ణి నేను.

ఆ పాట వాయించిన పాతవాళ్ళు ఎవరెక్కడున్నారో ఆరా తీశాను. పెద్ద డ్రమ్ము వాయించినాయన మంగంపేట గనుల దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఆయన బల్ల మీద గుద్ది చూపించాడు, ఒక్క దెబ్బ తప్పు లేదు. బేస్ వాయించిన రాఘప్ప మంత్రాలయంలో పూజ సామాన్ల అంగడి పెట్టుకున్నాడు. ఆయన కుంకుమ పొట్లాలు కడుతూనే మొత్తం 'బూం బూం' అని పాడేశాడు. కొనేవాళ్ళు నిలబడి చూస్తున్నారు.

"రాఘప్పా, ఆ నడుమ ఓబులేసు వాయించేది గుర్తుండాదా?" అని అడిగాను.

కట్టే చేతులు ఆగిపోయాయి. "శానా బాగుండె" అన్నాడు. కాసేపు ఆలోచించి, "ఎట్లుండెనో మాత్రం గెప్తిలేదప్పా. నా బూం నేను చూసుకుంటి" అన్నాడు.

అందరిదీ అదే మాట. బాగుండింది. ఎట్లా ఉండిందో ఎవరికీ తెలియదు.

ఓబులేసు దగ్గరికి మాత్రం పోలేదు. బద్వేలు నాకు దూరమా? అది నా సొంత తాలూకా. కానీ పార్టు ఎత్తుకుపోయినవాడి గడప తొక్కేదేమిటని బింకం. బింకం కింద ఇంకోటి ఉందని, రిజిస్టరులో రాసింది నేనేనన్న భయమని, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అతుకుల స్కోరు

రిటైరయ్యాక పార్టుల నకళ్ళు తెచ్చుకుని నేనే స్కోరు కట్టడానికి కూర్చున్నాను. డ్రాయింగు షీట్లు అతికించి, ఇరవై రెండు వరుసలు గీసి, ఒక్కొక్క పార్టూ చూసి రాయడం. మా ఆవిడ పోయిన ఏడాదే మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే పాట కోసం కాదు, సాయంత్రాలు గడవక. కొన్ని రోజులు నేను మాట్లాడిన మనుషులు పాలవాడూ, ఓనరమ్మా మాత్రమే. ఒంటరితనం గురించి పెద్దవాళ్ళు ఏవేవో చెబుతారు. నాకు తెలిసింది, మధ్యాహ్నం అన్నం వండుకోవడానికి బద్ధకమేస్తుంది, అంతే.

అంతా రాశాక చూస్తే, నడుమ పదహారు బార్లలో కింద బూం ఉంది, పైన పం ఉంది. పాట లేదు. గోడకు అతికించి రోజూ చూసేవాణ్ణి. నా స్వరం నేనే కట్టి అందులో పెట్టేయొచ్చు, ఎవరడుగుతారు? ఒకసారి పెన్సిలుతో పెట్టాను కూడా. సిగ్గేసి చెరిపేశాను.

పోయిన వేసవిలో జమ్మలమడుగు దిక్కున ఒక పల్లెలో పాత చర్చి ఉందని, ఒకప్పుడు అక్కడ మిషను బ్యాండు ఉండేదని తెలిసింది. వెళ్ళాను. గుడి చూసుకునే మార్తమ్మ అనే పెద్దావిడ తాళం తీసి, వెనక గదిలో రేకుపెట్టె చూపించింది.

"మా మామ కాలం నాటివి నాయనా. ఎలకలు తినంగా మిగిలినవి. నీకు పనికొచ్చేటివైతే తీసుకో, ఈడ సదివేటోళ్ళు ఎవురూ లేరు."

నలభయ్యేడు లేదు. కానీ అదే అచ్చువాళ్ళవి, అదే కాలానివి నాలుగు పాటలున్నాయి. నాలుగింటిలోనూ పై కాగితం సోలో కార్నెట్ పార్టు. దాని పైఅంచున, చిన్న అక్షరాలతో, బ్రాకెట్లలో, కండక్టర్ అని, అంటే బ్యాండును నడిపించేవాడికని ఉంది. వరుసల మధ్య సన్నటి అక్షరాలతో ఇతర వాద్యాలు ఎక్కడ ఎత్తుకోవాలో గుర్తులున్నాయి. ఆ కాలంలో మాస్టరు చూసేది ఈ ఒక్క కాగితమే. దీన్నే స్కోరనేవాళ్ళు. బల్లంత పుస్తకం వీటికి ఎప్పుడూ లేదు.

నా చేతిలో పైఅంచు చిరిగిన కాగితం ఒకటి ఉండేది కదా, నూనె మరకలదీ, ఎర్ర పెన్సిలుదీ.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మార్తమ్మ నీళ్ళు తెచ్చింది. "ఏం నాయనా, మీవోళ్ళ పేరేమన్నా ఉండాదా అందులో?" అని అడిగింది. అవునమ్మా అన్నాను.

మాస్టరు పోగొట్టలేదు. ఓబులేసు తీసుకుపోలేదు. నేను పొయ్యిలో వేశాను. ఏడ్చాను. ఆవిడ ముందు సిగ్గు కూడా అనిపించలేదు.

బద్వేలు

ఓబులేసు ఇల్లు ఊరికి కాస్త ఎడంగా, శనగ చేలకు దగ్గరగా ఉంది. కోడలు లక్ష్మీదేవి అరుగు మీద మంచం వాల్చి చూపించింది. గుర్తుపట్టలేదు నేను. మెడ మీద పెద్ద కుట్ల మచ్చ. గొంతుకు ఆపరేషన్ అయిందట, మాట గుసగుసగానే వస్తుంది. అతను మాత్రం నన్ను చూసీ చూడగానే గుర్తుపట్టాడు.

"యేసోబా? రాప్పా. నా పేరు రాసిన బుక్కు తెచ్చినావా?"

ఒక నవ్వు నవ్వాడు. పెట్టుడు పళ్ళు కదిలాయి. నేను అతని కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. నాలుగు వరుసలూ, పొయ్యీ, రిజిస్టరూ, చర్చిలో కాగితాలూ. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"నాకు తెలుసులేప్పా."

"ఎప్పటి నుంచి ఓబన్నా?"

"అప్పుట్నుంచే. టీ పొయ్యి కాడ సగం కాలిన ముక్క మాస్టరుకే దొరికిండె. ఎర్రగీతలు ఆయనవే గదా. నాకు పళ్ళు పొయ్యి ఆసుపత్రిలో ఉంటే వచ్చి చెప్పినాడు."

"మరి ఆఫీసరు ముందు నా పేరు ఎందుకు చెప్పలా?"

ఓబులేసు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఆఫీసరు తిట్టినంక నా గేటు కాడికొస్తే నేనూ అట్లనే అడిగితి. 'ఈ పొద్దు వాడు నీ పేరు చెప్పె, రేపు నేను వాని పేరు చెప్తే, ఇంగ బ్యాండులో ఎవడు ఎవని పక్కన కూసుంటాడు?' అన్యాడు. నన్ను గూడా ఎవురికీ చెప్పబోకు అన్యాడు."

ఆయన రిటైర్మెంటు సభలో నేను చేసిన నవ్వులాట గుర్తొచ్చింది. పిల్లలూ, నేను పై అధికారులను ఎందరినో చూశాను. నా కింద పనిచేసినవాళ్ళ తప్పులు నేను పైకి చెప్పాను, రాతపూర్వకంగా చెప్పాను, అది నిజాయితీ అనుకున్నాను. ఖాదర్ మాస్టరంత మనిషిని నేను కాలేదు.

"ఆ పాట నీకు గుర్తుండాదా ఓబన్నా?" అని చివరికి అడిగాను.

"ఈ మాట అడిగేదానికి ఎవురన్నా వస్తారని శానా దినాలు చూస్తి" అన్నాడు. "ఎవురూ రాలా."

పాడటానికి ప్రయత్నించాడు. గుసగుసలో స్వరం ఉండదు. గాలి తప్ప ఏమీ రాలేదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి దగ్గొచ్చి ఆగిపోయాడు. లక్ష్మీదేవి లోపలి నుంచి వచ్చి నా వైపు కోపంగా చూసింది. ఇక లేద్దామనుకున్నాను. అప్పుడు చూశాను. అతని కుడిచేతి మూడు వేళ్ళు ఎడమ మణికట్టు మీద కదులుతున్నాయి. చూపుడు వేలు, నడిమి వేలు, మళ్ళీ చూపుడు వేలు. కార్నెట్‌కు మూడే మీటలు.

"అట్లనే ఉండు. మొదట్నుంచి నొక్కు" అన్నాను.

మీలో కార్నెట్ పట్టినవాళ్ళకు తెలుసు, ఒకే నొక్కుకు నాలుగైదు స్వరాలు పలుకుతాయి, పెదవి బిగింపును బట్టి. వేళ్ళు చూసినంత మాత్రాన పాట తెలియదు. కానీ నా దగ్గర కింద బూం, పైన పం రెండూ ఉన్నాయి. ఆ బూం-పంలకు పొసగే స్వరం సాధారణంగా ఒక్కటే ఉంటుంది. అతను నొక్కుతూ పోయాడు, నేను అంకెలు రాసుకుంటూ పోయాను. పదహారు బార్లు. అలిసిపోతే ఆగి మళ్ళీ నొక్కాడు. మూడుసార్లు నొక్కించాను, మూడుసార్లూ ఒకటే. గొంతు మరిచిపోయింది గానీ వేళ్ళు మరిచిపోలేదు.

కర్నూలుకొచ్చి పన్నెండు రోజులు కూర్చున్నాను. రెండుచోట్ల తప్ప అన్నీ తేలాయి. ఆ రెండుచోట్ల రెండేసి స్వరాలు పొసగుతున్నాయి. మధ్యలో ఒకరోజు ఇప్పటి బ్యాండు మాస్టరుకు ఫోన్ చేసి, నలభయ్యేడుకు స్కోరు తయారవుతోంది, వాయిస్తారా అని అడిగాను. మంచివాడే. "మనోళ్ళు పదకొండు మందే ఉన్నారు సార్. సినిమా పాటైతే చెప్పండి" అన్నాడు. అతణ్ణి తప్పు పట్టను.

స్కోరు చుట్టుకుని, నా పాత కార్నెట్ సంచిలో వేసుకుని మళ్ళీ బద్వేలు వెళ్ళాను. లక్ష్మీదేవి అరుగు మీద శనక్కాయలు ఒలుస్తోంది. ఈసారి టీ ఇచ్చింది. నేను ఆ పదహారు బార్లూ వాయించాను. అరవై దాటిన ఊపిరి, సన్నగా వణికింది. ఓబులేసు కళ్ళు మూసుకుని విన్నాడు. మొదటి అనుమానం దగ్గర ఊరుకున్నాడు. రెండోదాని దగ్గర చేయి ఎత్తి, "ఇంగొకటి పైకి" అన్నాడు. పైకి వాయించాను. తల ఊపాడు. అక్కడే దిద్దుకున్నాను. నలభయ్యేడు స్కోరు పూర్తయింది.

పూర్తయితే సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఏమీ అనిపించలేదు. ఈ కాగితం చూపించాల్సిన మనిషి లేడు. వాయించాల్సిన ముప్పై మందీ లేరు. కార్నెట్ తుడిచి సంచిలో పెట్టబోయాను.

"ఉండప్పా" అన్నాడు ఓబులేసు. "ఇప్పుడు నీది వాయించు."

"నాదేముందన్నా, ఉత్త పం పం."

"అదే. నేను లేసి నిలబడినప్పుడల్లా ఎడమ పక్క నుంచి అది ఇనిపిస్తాండె. గార్డు డ్యూటీలో గేటు కాడ ఒక్కణ్ణే నిలబడి ఉంటే, నాకు గెప్తికొచ్చేది నా పాట కాదప్పా, నీ పం పం. వాయించు."

అతని ఎడమ పక్కకు జరిగి కూర్చున్నాను. అతను మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టుకున్నాడు. మాస్టరు లేడు కాబట్టి నేనే తలతో తాళం ఇచ్చి ఎత్తుకున్నాను. పం. ఆగి, లెక్క పెట్టి, పం. పక్కన చప్పుడు లేకుండా వేళ్ళు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఆరో బార్ దగ్గర పైకి పోయాడు, అక్కడ ఆగాడు. నేను ఆగలేదు. ఎనిమిది, తొమ్మిది. కళ్ళలో నీళ్ళు తిరిగి స్కోరు కనబడటం మానేసింది. నా పార్టుకు కాగితం అక్కర్లేదు.

లక్ష్మీదేవి ఒలవడం ఆపి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏం మామా, ఆయప్ప ఊరికే పం పం అంటాండాడు? పాట యాడుండాది?"

ఓబులేసు వేళ్ళు ఆపలేదు. నేను చెబుదామంటే పెదాల మీద కార్నెట్ ఉంది, ఇంకా మూడు బార్లున్నాయి.